ఇంటి మొత్తానికి వాటర్ ఫిల్టర్ పెట్టాలా? హనుమకొండ ఇంటి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదటి వారం

ఇల్లు హనుమకొండలో, వడ్డేపల్లి చెరువు వైపు కాలనీ. కింద ఒక పోర్షన్, మీద ఒక పోర్షన్, మొత్తం నలుగురు మనుషులు. 320 అడుగుల బోరు, 1.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు. బోరు నీళ్లు నేరుగా మేడ మీది 1,000 లీటర్ల ట్యాంకుకు వెళ్తాయి. ఈ గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్లు 2,000 లీటర్ల సంపులో పడి, అక్కడి నుంచి 0.5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటరుతో అదే ట్యాంకులోకి ఎక్కుతాయి. అంటే మేడ మీద రెండు నీళ్లూ ఒక్కటైపోతున్నాయి. ఈ సంగతి ముందే రాసి పెట్టుకోవాలి, చివరికి లెక్కంతా దీని చుట్టూనే తిరిగింది.

ఇంట్లో ఉన్న ఇబ్బందులు ఇవి: గీజర్ ఎలిమెంట్ మూడేళ్లలో రెండుసార్లు కాలిపోయింది. షవర్ రంధ్రాలు మూసుకుపోతున్నాయి. టైల్స్ మీద తెల్ల మరకలు. అప్పుడప్పుడు బురద నీళ్లు. మీది (పై అంతస్తు) బాత్రూంలో పొద్దున తిప్పిన మొదటి నల్లాలో ఎర్రటి నీళ్లు.

ఇద్దరు అమ్మకందారులు వచ్చి చూసి, ఇంటి మొత్తానికి ఫిల్టరూ సాఫ్ట్‌నరూ (గట్టి నీళ్లను మెత్తబరిచే యంత్రం) కలిపి కొటేషన్లు ఇచ్చారు. ఒకటి 64,000, రెండోది 1,12,000. ఇద్దరూ నీళ్లలో టీడీఎస్ పెన్ను ముంచి చూశారు, అంతే. టీడీఎస్ పెన్ను కరిగిన ఉప్పులు మొత్తం ఎంతో అంచనాగా చెబుతుంది. అందులో సున్నం ఎంత, ఫ్లోరైడ్ ఎంత, క్రిములు ఉన్నాయా లేదా అన్నది దానికి తెలియదు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే ఫిల్టరు.

ఏప్రిల్, రెండో వారం: శాంపిళ్లు

ఒకే చోట నీళ్లు పట్టి పంపితే సగమే తెలుస్తుంది. మురికి బోరులోనే ఉందా, ట్యాంకులో చేరుతోందా, పైపులో పుడుతోందా తేలాలంటే నాలుగు చోట్ల పట్టాలి: బోరు మూతి, సంపులోకి పడే నల్లా, ట్యాంకు అవుట్‌లెట్, మీది బాత్రూం నల్లా. బోరు మోటరు పది నిమిషాలు నడిచాక పట్టాలి. లీటరు సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా మూతి దాకా నింపాలి. క్రిముల పరీక్షకు ల్యాబు ఇచ్చే శుభ్రం చేసిన సీసానే వాడాలి. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చాలి.

ల్యాబుకు పంపకముందే బకెట్ పరీక్ష ఒకటి చేశాం. తెల్ల బకెట్‌లో నీళ్లు పట్టి రాత్రంతా వదిలేయాలి. పట్టినప్పుడు తేటగా ఉండి తెల్లారేసరికి పసుపు, ఎరుపు తిరిగితే కరిగిన ఇనుము ఉన్నట్టు. పట్టినప్పుడే మబ్బుగా ఉండి అడుగున మన్ను దిగితే మట్టి, ఇసుక. పాలలా కనిపించి కింది నుంచి పైకి తేటపడితే అది ఉత్త గాలి, దానికి మందు అక్కర్లేదు. ఇక్కడ బోరు బకెట్ అడుగున సన్నటి బూడిదరంగు పొడి దిగింది. రంగు మాత్రం మారలేదు.

ఏప్రిల్, నాలుగో వారం: రిపోర్టు

అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. బోరు: టీడీఎస్ 890, హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పే అంకె) 520, ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బొనేట్ల కొలత) 360, ఫ్లోరైడ్ 1.3, నైట్రేట్ 58, ఇనుము 0.2. నల్లా: టీడీఎస్ 230, హార్డ్‌నెస్ 130, మిగులు క్లోరిన్ 0.3. ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర ఆ రోజు టీడీఎస్ 590, హార్డ్‌నెస్ 345, క్లోరిన్ సున్నా. సగానికి కొంచెం ఎక్కువే బోరు నీళ్లు కలుస్తున్నాయని ఈ రెండు అంకెలే చెప్తున్నాయి.

తాగే నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ 200 దాకా మంచిది, వేరే నీళ్లు దొరకకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. ఫ్లోరైడ్‌కు ఆ గీతలు 1.0, 1.5. నైట్రేట్‌కు మాత్రం 45 ఒక్కటే, సడలింపు లేదు. ఈ బోరు నీళ్లు తాగడానికి పనికిరావన్నది అక్కడే తేలిపోయింది. నైట్రేట్ ఎక్కువ ఉందంటే ఎక్కువసార్లు మురుగు నీళ్లు భూమిలోకి ఇంకుతున్నట్టు. ఈ ఇంట్లో సెప్టిక్ ట్యాంకు బోరుకు 20 అడుగుల్లోనే ఉంది. మరగబెడితే పోతుందనుకుంటారు కొందరు. మరిగేకొద్దీ నీళ్లు ఆవిరవుతాయి, నైట్రేట్, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి చిక్కబడతాయి.

బోరుకూ నల్లాకూ ఇంత తేడా ఎందుకంటే, వరంగల్ చుట్టూ భూమి గ్రానైట్, నైస్ (గ్రానైట్ లాంటి గట్టి రాయి) బండ. బోరు నీళ్లు ఆ బండ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం, ఫ్లోరైడ్ కరిగించుకుంటాయి. నల్లాలో వచ్చేవి దేవాదుల ఎత్తిపోతలతో ధర్మసాగర్‌కు చేరే గోదావరి నీళ్ల లాంటి చెరువు, కాలువ నీళ్లు. బండతో వాటికి పెద్దగా పరిచయం ఉండదు.

గీజర్ ఎందుకు కాలుతోందో ఆల్కలినిటీ అంకె చెప్తుంది. 520 హార్డ్‌నెస్‌లో 360 బైకార్బొనేట్ రూపంలో ఉంది, కాగితే సున్నపు రాయిగా పేరుకునేది అదే. రోజుకు 100 లీటర్ల బోరు నీళ్లే కాగాయనుకుందాం. అందులో ఆ సున్నం 36 గ్రాములు ఉంటుంది. మూడో వంతు ఎలిమెంట్‌కు అంటుకున్నా నెలకు 360 గ్రాములు. ఆ పెంకు కింద ఎలిమెంట్ వేడి బయటికి పోదు, లోపలే మాడిపోతుంది. మరక సున్నమేనా అని చూడాలంటే నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగి కరిగితే సున్నం. కరగకపోతే సిలికా కావచ్చు, దాన్ని సాఫ్ట్‌నరూ తీయదు.

ఎర్ర నీళ్ల సంగతి ఇంకా తేలిక. బోరులో ఇనుము 0.2, ట్యాంకు దగ్గరా అంతే, మీది బాత్రూంలో మాత్రం ఎరుపు. మధ్యలో ఉన్నది పాత జీఐ (జింకు పూత ఇనుము) పైపు ముక్క, సుమారు 12 అడుగులు. తుప్పు అక్కడ పుడుతోంది. ట్యాంకు దగ్గర లక్ష రూపాయల ఫిల్టరు పెట్టినా దాని తర్వాత పుట్టే తుప్పును ఆపలేదు.

మే, మొదటి వారం: సాఫ్ట్‌నర్ లెక్క

సాఫ్ట్‌నర్ చేసేది ఒకటే పని. రెజిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. టీడీఎస్ తగ్గదు. ఫ్లోరైడ్, నైట్రేట్ జోలికి పోదు. "ఉప్పు నీళ్లను మంచినీళ్లు చేస్తుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాట తప్పు. 520 హార్డ్‌నెస్ మొత్తం తీస్తే లీటరుకు సుమారు 240 మి.గ్రా. సోడియం కొత్తగా చేరుతుంది. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో వంటకు, తాగడానికి ఈ నీళ్లు వద్దు.

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540. నీళ్లన్నీ బోరువే అనుకుని దాన్ని 520తో గుణిస్తే రోజుకు 281 గ్రాముల హార్డ్‌నెస్. 25 లీటర్ల రెజిన్, లీటరుకు 50 గ్రాములు పట్టుకుంటుందనుకుంటే మొత్తం 1,250 గ్రాములు, అంటే నాలుగు రోజులకోసారి ఉప్పుతో కడగాలి. ఒక్కో కడుగుకు లీటరు రెజిన్‌కు 120 గ్రాముల చొప్పున 3 కేజీల ఉప్పు. నెలకు 22 నుంచి 23 కేజీలు. ప్రతి కడుగులో 150 నుంచి 200 లీటర్ల ఉప్పునీళ్లు బయటికి పోతాయి, నెలకు 1,100 నుంచి 1,500 లీటర్లు. మొక్కలకు పోస్తే మాడతాయి. ఈ ఇంట్లో వాడిన నీళ్లన్నీ చేరేది ఇంకుడు గుంతకే. ఆ ఉప్పు మళ్లీ అదే భూమిలోకి, కొన్నాళ్లకు అదే బోరులోకి. రెండు కొటేషన్లలోనూ ఈ ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు.

గోడకు తగిలించే అయస్కాంతం, పైపుకు తీగ చుట్టే ఎలక్ట్రానిక్ పెట్టె లాంటివి కూడా చూపించారు. వాటి ముందూ వెనకా హార్డ్‌నెస్ కిట్‌తో కొలిస్తే అంకె మారదు. పాలీఫాస్ఫేట్ గుళికలు కొంత మేలు, వాషింగ్ మెషీన్ ముందు పెట్టుకోవచ్చు. నీళ్లు బాగా వేడెక్కిన చోట వాటి పట్టు సడలుతుంది.

మే, రెండో వారం: ఒత్తిడి లెక్క

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. ఎప్పుడూ గట్టి ఒత్తిడితో సరఫరా వచ్చే ఊళ్లలో ఇంటి మొత్తానికి ఫిల్టరు మెయిన్ పైపు మీద పెడతారు. మన ఇళ్లలో నీళ్లు ట్యాంకు నుంచి బరువుకు దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి. ఇక్కడ ట్యాంకు అడుగు స్లాబుకు ఒక మీటరు పైన, మీది బాత్రూం షవర్ నేల నుంచి రెండు మీటర్లు, గది ఎత్తు మూడు మీటర్లు. తేడా రెండే మీటర్లు, ఒత్తిడి 0.2 కేజీ. సాఫ్ట్‌నర్ ఆటోమేటిక్ వాల్వు నడవాలంటేనే 1.5 నుంచి 2 కేజీలు కావాలి. మామూలు కార్ట్రిడ్జ్ (ఫిల్టరులో మార్చుకునే వడపోత గొట్టం) కూడా కొంచెం మురికి పడితే 0.2, 0.3 కేజీ తినేస్తుంది. ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర ఏం పెట్టినా మీది షవర్ బొట్టుబొట్టుగా కారుతుంది. ప్రెషర్ పంపు పెడితే కరెంటు పోయినప్పుడు ఇల్లంతా నీళ్లు బందు.

బోరు లైను మీద పెడదామంటే ఇంకో ప్రమాదం. నీటిమట్టం 40 మీటర్ల లోతున ఉండి, వాల్వు మూసినప్పుడు పంపు 100 మీటర్లు తోయగలిగిందనుకుందాం. పైన ఫిల్టరు దగ్గర మిగిలే 60 మీటర్లు 6 కేజీల ఒత్తిడి. జాలీ మూసుకుపోయినా, ఎవరో వాల్వు మరిచిపోయినా ప్లాస్టిక్ హౌసింగ్ (కార్ట్రిడ్జ్ ఉండే గిన్నె) పగులుతుంది. పెట్టాల్సి వస్తే ముందు 3 కేజీల రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మించితే నీళ్లు వదిలేసేది) తప్పదు.

కార్బన్ ఫిల్టరు కూడా రెండో కొటేషన్‌లో ఉంది. ట్యాంకు ఉన్న ఇంటికి ఇది మరీ చేటు. నల్లా నీళ్లలో ఉన్న 0.3 క్లోరిన్‌ను సంపు దాటగానే కార్బన్ తీసేస్తే, ఆ నీళ్లు ట్యాంకులో రెండు రోజులు ఏ కాపలా లేకుండా నిలుస్తాయి. కార్బన్ గుళికలే క్రిములకు ఇల్లవుతాయి.

మే, మూడో వారం: నిర్ణయం

సాఫ్ట్‌నర్ లేదు. కార్బన్ లేదు. బోరు లైను మీద ఫిల్టరూ లేదు. రెండు నీళ్లనూ విడదీయడమే పని.

మనిషికి 135 లీటర్లలో ఫ్లష్‌కు 30, ఇల్లు కడగడానికి 10 అని ఇంజనీరింగ్ లెక్కల్లో రాస్తారు. ఈ 40కి బోరు నీళ్లు చాలు. మిగతా 95 నల్లా నీళ్లు కావాలి. నలుగురికి రోజుకు 380, రోజు విడిచి రోజు కాబట్టి ఒక్కో వంతుకు 760 లీటర్లు. నల్లా దగ్గర 20 లీటర్ల బకెట్ 75 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 16 లీటర్లు. గంట వస్తే 960. సరిపోతుంది. ఎండలు ముదిరాక మళ్లీ కొలిస్తే నిమిషానికి 11, గంటకు 660. ఒక్కో వంతుకు వంద లీటర్లు తక్కువ. సంపు నిండుగా ఉంటే ఐదు రోజులు నడుస్తుంది కాబట్టి ఆ లోటు భరించవచ్చు.

మే, చివరి వారం: పని

తెలివి ఉన్న చోటు ఒక్కటే: కొత్త లైను దేనికి వేయాలి? అందరూ మంచినీళ్లకు కొత్త లైను వేస్తారు, అప్పుడు వంటిల్లు, గీజర్లు, మెషీన్ అన్నిటికీ గోడలు కొట్టాలి. తిరగేసి చూస్తే, బోరు నీళ్లు కావాల్సినవి రెండు ఫ్లష్ ట్యాంకులు, ముంగిట్లో ఒక నల్లా, అంతే. కాబట్టి పాత ట్యాంకూ పాత పైపులూ నల్లా నీళ్లకు వదిలేసి, బోరుకు కొత్త 500 లీటర్ల ట్యాంకు, బయటి గోడ మీదుగా ముప్పావు అంగుళం సీపీవీసీ లైను. వెంటిలేటర్ పక్కన రంధ్రం వేసి లోపలి యాంగిల్ కాక్‌కు కలిపాం. ఒక్క టైల్ పగల్లేదు. పాత జీఐ ముక్క కూడా ఇదే పనిలో మార్చాం.

మేస్త్రి మొదట అడిగింది, "బాత్రూంలో చల్లటి నీళ్లు బోరువి, గీజర్‌కు నల్లావి ఇస్తే సరిపోదా?" అని. సరిపోదు. వాల్ మిక్సర్ లోపల వేడి, చల్లటి లైన్లు కలుస్తాయి. రెండు పిడులూ తెరిచి హ్యాండ్ షవర్ మూసి ఉంచితే ఎక్కువ మట్టం ఉన్న ట్యాంకు నీళ్లు రెండో లైనులోకి పారతాయి. గీజర్ దగ్గరి ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పారకుండా ఆపే వాల్వు) కొన్నాళ్లు ఆపుతుంది, సున్నం పట్టాక అదీ ఆపదు. మిక్సర్‌కు రెండు వైపులా ఒకే ట్యాంకు నీళ్లు ఉండాలి. అలాగే రెండు ట్యాంకుల మధ్య "అవసరానికి ఉంటుంది" అని వాల్వుతో లింకు వేయొద్దు. ఆ వాల్వు ఏదో ఒక రోజు తెరిచే ఉంటుంది.

బోరు పొడికి మందు జాలీ కాదు. మోటరు వేసిన మొదటి రెండు నిమిషాల్లోనే బూడిద నీళ్లు వస్తున్నాయి, తర్వాత తేట. బోరు పక్కనే పైపుకు టీ జాయింట్ వేసి రెండు బాల్ వాల్వులు పెట్టాం, ఒకటి మొక్కలకు, ఒకటి మేడకు. మొదటి వంద లీటర్లు మొక్కలకు. మొక్కల వాల్వు మూసే ముందు మేడ వాల్వు తెరవాలి, రెండూ ఒకేసారి మూయకూడదు. కారణం పైన రాసిన 6 కేజీలే.

పాత ట్యాంకు అడుగున రెండు అంగుళాల మడ్డి. తీసి, కడిగి, నింపి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపాం. 1,000 లీటర్లకు 33 శాతం పౌడర్ అయితే లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్. ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటనే పోయాలి. రాత్రంతా ఉంచి పొద్దున వదిలేశాం.

జూన్: ఒకే ఒక్క ఫిల్టరు

వానల్లో నల్లా నీళ్లు మట్టిగా వస్తాయి కాబట్టి సంపు నుంచి ట్యాంకుకు ఎక్కే లైను మీద 20 అంగుళాల జంబో హౌసింగ్, 20 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కార్ట్రిడ్జ్ పెట్టాం. దానికి కావాల్సినవి: ఒక అంగుళం బాల్ వాల్వులు మూడు (రెండు ముందూ వెనకా, ఒకటి బైపాస్‌కు), యూనియన్లు రెండు, ప్లాస్టిక్ ఎంటీఏలు (పైపు చివర తగిలించే మరల ముక్కలు) రెండు, 0 నుంచి 4 కేజీల గేజులు రెండు, టెఫ్లాన్ టేపు, ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు.

రెండు తప్పులు జరిగాయి. మొదట హౌసింగ్‌ను మోటరుకు ముందు, పీల్చే వైపు బిగించారు. కార్ట్రిడ్జ్ అడ్డం పడగానే కీళ్ల దగ్గర గాలి లాగి మోటరు నీళ్లు ఎత్తడం మానేసింది. ఫిల్టరు ఎప్పుడూ మోటరు తర్వాత, తోసే వైపే ఉండాలి. రెండోది, హౌసింగ్ మూతికి ఇత్తడి నిపుల్ వేసి రెంచితో బిగిస్తే ప్లాస్టిక్ మూతి చీలింది. మూతి మార్చి, ప్లాస్టిక్ ఎంటీఏ చేత్తో బిగించి పైన ఒకటిన్నర తిప్పు చాలనిపించాం. సొల్యూషన్ (పైపు జిగురు) పెట్టిన కీళ్లకు ఒక రోజు ఆరనిచ్చాకే మోటరు. హౌసింగ్ మెట్ల కింద నీడలో ఉంది. ఎండ పడితే ప్లాస్టిక్ పెళుసవుతుంది, తెల్ల గిన్నె అయితే లోపల పాచి కూడా పడుతుంది.

మోటరు ముందు నిమిషానికి 28 లీటర్లు ఎత్తేది, కొత్త కార్ట్రిడ్జ్‌తో 25. ట్యాంకు 40 నిమిషాల్లో నిండాలి, గంట పడితే కార్ట్రిడ్జ్ మార్చే వేళ. రెండు గేజుల తేడా చూడటం కన్నా ఇంట్లోవాళ్లకు ఈ గడియారమే గుర్తుంటోంది.

జులై

వానలు. కార్ట్రిడ్జ్ 19 రోజుల్లో ముదురు గోధుమరంగు. అయినా ట్యాంకు నీళ్లు కొంచెం తెల్లగానే ఉన్నాయి. 5 మైక్రాన్ వేసి చూస్తే ఆరు రోజుల్లో మూసుకుపోయింది, తెలుపు పోలేదు. అది మైక్రాన్ కన్నా సన్నటి బంకమట్టి, రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలో తేలుతూనే ఉంటాయి. ఇలాంటి కార్ట్రిడ్జ్ దాన్ని పట్టదు. పట్టేది పటిక.

ఎంత పటిక వేయాలో సీసాల్లో చూసుకోవాలి. ఒక గ్రాము పటిక 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే ప్రతి మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది. ఒక్కో లీటరు సంపు నీళ్లున్న నాలుగు సీసాల్లో వరుసగా 1, 2, 3, 4 మి.లీ. వేసి, నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా కలిపి గంట వదిలేయాలి. తేటపడ్డ వాటిలో తక్కువ మోతాదు తీసుకోవాలి. ఇక్కడ రెండో సీసా తేలింది, లీటరుకు 20 మి.గ్రా. నిండు సంపుకు 40 గ్రాములు. రాత్రి కలిపి పొద్దున మోటరు. ఫుట్ వాల్వ్ (మోటరు పీల్చే పైపు చివరి వాల్వు) సంపు అడుగు నుంచి ఆరు అంగుళాలు ఎత్తాం, లేకపోతే దిగిన మడ్డినే పీల్చి మేడ ఎక్కిస్తుంది. 20 మైక్రాన్ మళ్లీ వేశాం.

షవర్లలో కొత్త ఇబ్బంది. ఇప్పుడు నీళ్లు మెత్తబడ్డాయి కాబట్టి పాత సున్నపు పెంకులు ఊడి షవర్‌లో, నల్లాల జాలీల్లో అడ్డం పడుతున్నాయి. ఇది మూడు నాలుగు వారాలు ఉంటుంది. వారానికోసారి జాలీ విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట వేస్తే చాలు.

తాగే నీళ్లకు వంటింట్లో యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత కాంతి), యూఎఫ్ (సన్నటి వడపోత పొర) ఉన్న చిన్న యంత్రం. టీడీఎస్ 230 ఉన్న నీళ్లకు ఆర్‌ఓ దండగ, వచ్చినదాంట్లో సగానికి పైగా బయటికి పారబోస్తుంది.

నల్లా లేని ఇళ్ల గురించి ఒక ముక్క. ఊరి అంచున కొత్త వెంచర్లలో బోరు ఒక్కటే దిక్కు, అక్కడ సాఫ్ట్‌నర్ అర్థవంతమే. కానీ బోరు నీళ్లు ముందు సంపులో పడాలి, అక్కడి నుంచి 1 హెచ్‌పీ మోటరు ఒత్తిడితో సాఫ్ట్‌నర్ గుండా ట్యాంకుకు ఎక్కాలి. బైపాస్ వాల్వు కొంచెం తెరిచి నాలుగో వంతు పచ్చి నీళ్లు కలిపితే హార్డ్‌నెస్ 130 దగ్గర నిలుస్తుంది, ఉప్పు ఖర్చూ నాలుగో వంతు తగ్గుతుంది. వంటకు, తాగడానికి ఆర్‌ఓ వేరే.

ఆగస్టు, రెండో వారం

ఇప్పటిదాకా మొత్తం ఖర్చు 16,400: కొత్త ట్యాంకు, పైపులు, హౌసింగ్, మూడు కార్ట్రిడ్జ్‌లు, రెండు రోజుల కూలి. మీది గీజర్ విప్పి చూశాం. జూన్‌లో వేసిన కొత్త ఎలిమెంట్ మీద వేలితో రుద్దితే పోయే పలచటి పొర, పెంకు లేదు. థర్మోస్టాట్ 55 దగ్గర పెట్టాం. ట్యాంకు అవుట్‌లెట్ హార్డ్‌నెస్ 135.

మిగిలిన పనులు: బోరు ట్యాంకుకు ఫ్లోట్ స్విచ్. వానలు వెనకబట్టాక అక్టోబరులో బోరు నీళ్లు మళ్లీ నైట్రేట్ పరీక్షకు. సెప్టిక్ ట్యాంకు గోడ పగుళ్లు చూడాలి, అప్పటిదాకా ముంగిటి నల్లా మీద "తాగొద్దు" అని ఎర్ర పెయింట్.